షటిల్ బ్యాట్ బరువు, బ్యాలెన్స్: ఎవరి ఆటకు ఏది

అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ స్పోర్ట్స్ షాపులో కొత్త బ్యాట్ అడిగినా ముందు వినిపించే సలహా ఒకటే. స్మాష్ గట్టిగా పడాలంటే హెడ్ హెవీ, అంటే తల వైపు బరువెక్కువ ఉన్న బ్యాట్, తీసుకోండి అంటారు. ఇందులో నిజం సగమే. మిగతా సగం ఏమిటో అమలాపురం కుర్రాడే చూపించాడు. సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. 2013 నుంచి మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరున ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు దాంతో చెరిగిపోయింది. ఆ స్మాష్‌కి వాడిన బ్యాట్ యోనెక్స్ నానోఫ్లేర్ 1000 జెడ్. అది హెడ్ లైట్, అంటే తల తేలికగా ఉండే వర్గానికి చెందిన బ్యాట్.

అంటే అందరూ హెడ్ లైట్ కొనుక్కోవాలని కాదు. తల బరువుకీ దెబ్బ బలానికీ మధ్య సంబంధం షాపులో చెప్పినంత సూటిగా లేదని మాత్రమే దీని అర్థం. ఎందుకు లేదో తెలిస్తే బ్యాట్ ఎంపిక సగం తేలిపోతుంది.

షటిల్ బరువు నిబంధనల ప్రకారం 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. ఐదు గ్రాములనుకుందాం. బ్యాట్ షటిల్‌ని తాకే చోట 30 గ్రాముల బరువు పనిచేస్తోందని లెక్కకోసం తీసుకుందాం. షటిల్‌కి అందే వేగం 30ని 35తో భాగిస్తే వచ్చే అంకెకు అనుగుణంగా ఉంటుంది, అది 0.857. తల బరువు పది శాతం పెంచి 33 గ్రాములు చేస్తే 33ని 38తో భాగించాలి, 0.868 వస్తుంది. పది శాతం బరువు పెంచితే కలిసొచ్చింది సుమారు 1.3 శాతం. ఆ అదనపు బరువు వల్ల చేయి తిరిగే వేగం రెండు శాతం తగ్గినా నష్టమే. భుజం, మోచేయి, మణికట్టు మూడూ వరసగా విప్పుకుని కొట్టగలిగినవాడికి బరువైన తల కూడా వేగంగానే వస్తుంది కాబట్టి ఆ 1.3 శాతం మిగులుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రెండు గేములు ఆడేవాళ్లలో చాలామందికి మిగలదు.

గోదావరి జిల్లాల్లో ఈ అపోహ బలంగా ఉండటానికి ఇంకో కారణం బాల్ బ్యాడ్మింటన్. పల్లెల్లో ఒక తరం మొత్తం ముందు ఆ ఆటే ఆడింది. దాని బ్యాట్ 165 నుంచి 185 గ్రాములుంటుంది, ఊలు బంతి 27 నుంచి 30 గ్రాములుంటుంది. బంతి అంత బరువున్నప్పుడు బ్యాట్ బరువు నిజంగానే పనికొస్తుంది, భుజం నుంచి చేయి మొత్తం తిప్పి కొట్టడమూ సరైనదే. ఆ అలవాటుతో షటిల్‌కి వచ్చినవాళ్లకి 85 గ్రాముల బ్యాట్ చేతిలో ఏమీ లేనట్టు అనిపించి, షాపులో ఉన్నవాటిలో బరువైనది ఎంచుకుంటారు. షటిల్ బరువు ఆ బంతి బరువులో సుమారు ఆరో వంతే. ఇక్కడ కావాల్సింది తల వేగం.

అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

బ్యాట్ మెడ దగ్గరో హ్యాండిల్ పైనున్న కోన్ మీదో 3యు, 4యు అని ఉంటుంది. యు ముందున్న అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. యోనెక్స్ లెక్కలో 2యు అంటే 90 నుంచి 94 గ్రాములు, 3యు 85 నుంచి 89, 4యు 80 నుంచి 84, 5యు 75 నుంచి 79, ఎఫ్ అని రాసినవి 70 నుంచి 74. విక్టర్ కూడా ఇదే పద్ధతిలో రాస్తుంది. లీ నింగ్ తన సొంత గుర్తులు వాడుతుంది కాబట్టి వాటిని గ్రాముల్లో అడగాలి. ఇవి గట్టింగ్ చేయకముందు (తలకి తీగలు అల్లకముందు), పై గ్రిప్ చుట్టకముందు ఉన్న బరువులు. ఒకే మోడల్, ఒకే 4యు ముద్ర ఉన్న రెండు బ్యాట్లలో ఒకటి 80కి, ఇంకోటి 84కి దగ్గరగా ఉండొచ్చు. నాలుగు గ్రాముల తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే స్నేహితుడి బ్యాట్ నచ్చి అదే మోడల్ తెప్పించుకున్నా కొన్నిసార్లు వేరే బ్యాట్‌లా ఉంటుంది.

బ్యాలెన్స్ పాయింట్ అంటే హ్యాండిల్ అడుగు నుంచి బ్యాట్ సమతూకంగా నిలిచే చోటుకి ఉన్న దూరం. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 285 మిల్లీమీటర్ల లోపు హెడ్ లైట్, 285 నుంచి 295 ఈవెన్, 295 దాటితే హెడ్ హెవీ. బ్యాట్ మొత్తం పొడవు సాధారణంగా 675 మిల్లీమీటర్లు, నిబంధనల గరిష్ఠం 680. అంటే మొత్తం చర్చ ఒక అంగుళం లోపలి తేడా గురించే. కొబ్బరికాయలు దించే వెదురు గెడకి చివర కత్తి కట్టాక అది ఎంత బరువనిపిస్తుందో ఒక్కసారి ఎత్తి చూసినవాళ్లకి ఈ అంగుళం విలువ విడిగా చెప్పనక్కర్లేదు.

బరువునీ బ్యాలెన్స్‌నీ విడివిడిగా చూడటమే అసలు పొరపాటు. రెండింటినీ గుణించి చూడాలి. 88 గ్రాముల 3యు బ్యాట్ బ్యాలెన్స్ 285 అయితే గుణకారం 25,080. 83 గ్రాముల 4యు బ్యాట్ బ్యాలెన్స్ 302 అయితే 25,066. కాగితం మీద ఒకటి బరువైన బ్యాట్, ఒకటి తేలికైనది. అడ్డంగా పట్టుకుంటే చేతికి రెండూ ఒకటే. ఊపేటప్పుడైతే 4యు తలే ఇంకాస్త బరువనిపిస్తుంది, ఎందుకంటే తిప్పేటప్పుడు దూరం వర్గంగా, అంటే దూరాన్ని దూరంతోనే గుణించినట్టుగా, లెక్కలోకి వస్తుంది. చివరన ఉన్న గ్రాము, మధ్యలో ఉన్న గ్రాము కంటే చాలా ఎక్కువగా లాగుతుంది. కాబట్టి “తేలికైనది కావాలి” అని 4యు హెడ్ హెవీ కొన్నవాళ్లు తేలికైన బ్యాట్ కొనలేదు.

ఇక గట్, గ్రిప్. షాపులో చూసిన బ్యాట్ వేరు, కోర్టులోకి వెళ్లే బ్యాట్ వేరు. 85 గ్రాముల ఫ్రేము 290 దగ్గర నిలుస్తుందనుకుంటే, అయిదు గ్రాముల గట్ తల మధ్యలో చేరేసరికి బ్యాలెన్స్ 304కి జరుగుతుంది. దాదాపు 14 మిల్లీమీటర్లు ముందుకి. మరోవైపు అయిదు గ్రాముల ఓవర్‌గ్రిప్ (గ్రిప్ మీద అదనంగా చుట్టే పట్టీ) ఒకటి చుడితే, 95 గ్రాములుండి 295 దగ్గర నిలిచే బ్యాట్ సుమారు 284కి వెనక్కి వస్తుంది. ఒక్క గ్రిప్‌తో 11 మిల్లీమీటర్లు. హెడ్ హెవీ అని డబ్బు పెట్టి కొన్న బ్యాట్‌కి పాత గ్రిప్ తీయకుండా దానిమీద రెండు ఓవర్‌గ్రిప్‌లు చుట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్నది బరువు పెరిగిన ఈవెన్ బ్యాట్. దానికి తల బలమూ లేదు, తేలికదనమూ లేదు.

ఇంట్లోనే కొలవడం

దీనికి వంటింటి డిజిటల్ కాటా, కొలత టేపు, ఒక స్కేలు చాలు. గట్, గ్రిప్ అన్నీ ఉన్న స్థితిలో, అంటే ఆడే స్థితిలోనే, బ్యాట్‌ని తూచాలి. బ్యాట్ కాటా అంచులకి తగలకుండా కాటా మీద చిన్న గిన్నె బోర్లించి, దాని బరువు ముందే సున్నా చేసుకుని, ఆపైన బ్యాట్ పెట్టాలి. తర్వాత స్కేలుని నిలువంచు మీద నిలబెట్టి షాఫ్ట్‌ని (హ్యాండిల్‌కీ తలకీ మధ్యనుండే సన్నని కడ్డీని) అడ్డంగా ఆనించి, అటూ ఇటూ జరుపుతూ నిలిచిన చోట పెన్సిల్ గుర్తు పెట్టాలి. హ్యాండిల్ అడుగు నుంచి ఆ గుర్తు దాకా టేపుతో మిల్లీమీటర్లలో కొలవాలి. మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకుంటే నమ్మొచ్చు.

ఈ అంకెను కంపెనీ అంకెతో పోల్చకూడదు. అది ఉత్త ఫ్రేముది, ఇది సిద్ధమైన బ్యాట్‌ది. మీ దగ్గరున్న, మీకు బాగా కుదిరిన బ్యాట్ అంకెతో కొత్తదాని అంకెను పోల్చాలి. పాతది 94 గ్రాములు, 292 దగ్గర ఉంటే, కొత్తది 93 గ్రాములు, 305 అయితే ఎందుకు చేయి ఆలస్యమవుతోందో అక్కడే తెలిసిపోతుంది.

ఆటను బట్టి

డెల్టా ఊళ్లలో ఆడేది ఎక్కువగా డబుల్స్. ఉదయం అయిదున్నరకి మొదలై తొమ్మిదింటికి ముగిసే ఆటల్లో సింగిల్స్ కోర్టు దొరకడమే కష్టం. డబుల్స్‌లో పాయింట్లు పోయేది స్మాష్ బలం తక్కువై కాదు. ఎదుటివాళ్ల స్మాష్‌ని ఆపలేక, నడుము ఎత్తులో వచ్చే డ్రైవ్‌కి బ్యాట్ అందక పోతాయి. డిఫెన్స్‌లో చేయి వెనక్కి తీసుకెళ్లే సమయం ఉండదు. ఉన్నచోటు నుంచే మణికట్టుతో తోయాలి. అక్కడ తల తేలికగా ఉన్న బ్యాట్‌కి ఉన్న మేలు అంతా ఇంతా కాదు. నెట్ దగ్గర ఉండే భాగస్వామికి ఇది మరీ అవసరం. షటిల్ నెట్ పైఅంచు దాటగానే పైనుంచి చిన్నగా తట్టాలి, అది అరచేయంత కదలిక. కాబట్టి ముందు ఆడేవాళ్లకి 4యు లేదా 5యు, ఈవెన్ నుంచి హెడ్ లైట్ వరకు. నానోఫ్లేర్, విక్టర్ ఆరాస్పీడ్ వరసలు ఈ ఆటకోసమే చేసినవి.

వెనక నిలబడి కొట్టే భాగస్వామికి 4యు హెడ్ హెవీ పనికొస్తుంది. యోనెక్స్ ఆస్ట్రాక్స్ 88లో డి అని ఒకటి, ఎస్ అని ఒకటి విడిగా చేసింది ఇందుకే, డి వెనకవాళ్లకి, ఎస్ ముందువాళ్లకి. అయితే క్లబ్ డబుల్స్‌లో వెనకవాళ్లు ముందుకీ ముందువాళ్లు వెనక్కీ మారుతూనే ఉంటారు. ఎవరి స్థానం వారిదిగా ఆడే జంటలు తక్కువ. అలాంటప్పుడు ఒక మెట్టు తేలికవైపే మొగ్గడం మంచిది. స్మాష్‌లో కొద్దిగా తగ్గినా షటిల్ కోర్టులోనే పడుతుంది, డిఫెన్స్‌లో ఆలస్యమైతే పాయింటే పోతుంది.

సింగిల్స్ ఆడేవాళ్ల అవసరం వేరు. కోర్టు పొడవు 13.40 మీటర్లు. వెనక గీత నుంచి వెనక గీతకి పదేపదే టాస్ (షటిల్‌ని ఎత్తుగా అవతలి కోర్టు చివరికి పంపే దెబ్బ) వేయాలి, దెబ్బకి సిద్ధమయ్యే సమయం కూడా ఉంటుంది. తలలో కొంత బరువుంటే చేతి శ్రమ తగ్గి షటిల్ లోతుగా వెళుతుంది. 3యు ఈవెన్, లేదంటే 4యు కాస్త హెడ్ హెవీ. ఆర్క్‌సేబర్ 11 లాంటి ఈవెన్ బ్యాట్లు ఏళ్ల తరబడి మార్కెట్లో నిలిచాయి. వాటితో టాస్, డ్రాప్, డ్రైవ్ దేనికీ ఇబ్బంది ఉండదు.

కొత్తగా నేర్చుకునేవారికి సందేహం లేకుండా 4యు, ఈవెన్, షాఫ్ట్ మధ్యరకం లేదా మెత్తనిది, గట్ టెన్షన్ (బిగువు) 20 నుంచి 23 పౌండ్లు. షాఫ్ట్ గట్టిదైతే దాన్ని వంచేంత వేగం చేతికి ఉండాలి, లేకపోతే కర్రతో కొట్టినట్టే. పెద్ద ఆటగాళ్ల పేరున్న బ్యాట్లు చాలావరకు గట్టి షాఫ్ట్‌వే. పిల్లలకి 5యు. నలభై అయిదు దాటి, భుజమో మోచేయో ఇప్పటికే పట్టేస్తున్నవాళ్లకి తల తేలికైన 5యు, తక్కువ టెన్షన్. ఇందులో పట్టుదలకి పోవడం అనవసరం. మోచేయి బయటివైపు నొప్పి మొదలయ్యాక బ్యాట్ మార్చడం కంటే ముందే మార్చడం తేలిక.

ఉక్కపోత, గాలి, సిమెంట్ నేల

ఈ ప్రాంతంలో బ్యాట్ ఎంపికకి వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తేమకి అరచేయి తడిసిపోతుంది. రేకుల షెడ్డులోని కోర్టుల్లో ఇంకా ఎక్కువ. చేయి జారుతుంటే మనకి తెలియకుండానే గ్రిప్‌ని బిగించి పట్టుకుంటాం. బిగిసిన చేతిలో మణికట్టు తిరగదు, ముంజేయి తొందరగా అలసిపోతుంది, అప్పుడు సరైన బ్యాట్ కూడా తల బరువెక్కినట్టే ఉంటుంది. చాలామంది ఈ దశలో బ్యాట్‌ని నిందిస్తారు. మార్చాల్సింది గ్రిప్. వారానికి నాలుగైదు రోజులు ఆడేవాళ్లు వేసవిలో ఓవర్‌గ్రిప్‌ని నెల దాటనివ్వకూడదు.

టవల్ గ్రిప్ చెమటకి మంచిదే, కానీ చెమట పీల్చినకొద్దీ దాని బరువు పెరుగుతుంది. ఆ బరువు చేరేది హ్యాండిల్ దగ్గర కాబట్టి మూడో గేముకి బ్యాలెన్స్ వెనక్కి జరిగి ఉంటుంది. హెడ్ లైట్ బ్యాట్‌కి టవల్ గ్రిప్ వేస్తే తలలో ఏమీ మిగలదు. వేయాలనుకుంటే ఈవెన్ లేదా హెడ్ హెవీ బ్యాట్‌కే వేయాలి, ఆడాక సంచిలో మూసేయకుండా గాలికి ఆరబెట్టాలి. వానాకాలంలో రెండు రోజులు సంచిలో ఉంటే బూజు పట్టేస్తుంది.

కొబ్బరితోటల మధ్య, స్కూలు ఆవరణల్లో, లైట్లు కట్టుకుని ఆడే ఆరుబయట కోర్టుల్లో సమస్య గాలి. సముద్రం వైపు నుంచి వచ్చే సాయంత్రపు గాలికి షటిల్ ఆఖరి క్షణంలో పక్కకి జరుగుతుంది. అప్పుడు దెబ్బ మధ్యలో దారి మార్చుకోగలగాలి. బరువైన తల ఒకసారి కదిలితే దారి మార్చదు. ఫ్రేము అంచుకి తగిలిన షటిల్‌లు పెరుగుతున్నాయంటే ఇదే కారణం కావచ్చు. ఇక్కడ ఈవెన్ దాటి వెళ్లొద్దు.

ఆరుబయట ఆడేది నైలాన్ షటిల్‌తోనే కాబట్టి ఒక మాట. యోనెక్స్ మేవిస్ డబ్బాల మీద, షటిల్ కార్క్ చుట్టూ ఉండే రంగు పట్టీ వేగాన్ని సూచిస్తుంది. ఆకుపచ్చ నెమ్మదిది, 22 నుంచి 33 డిగ్రీల వాతావరణానికి. నీలం మధ్యరకం, ఎరుపు వేగమైనది, చలి ప్రదేశాలకి. వేడిగాలి పలచగా ఉండి షటిల్ ఎక్కువ దూరం పోతుంది. కాకినాడ, నర్సాపురం ఎండల్లో ఎరుపు పట్టీ షటిల్‌తో ఆడి “బ్యాట్ మరీ ఎగరేస్తోంది” అనుకుంటే ఆ తప్పు బ్యాట్‌ది కాదు.

సిమెంట్ నేల మీద ఫ్రేము గీసుకుపోతుందని తలకి రక్షణగా టేపు అంటిస్తారు. టేపు ఒక గ్రాము బరువుంటే చాలు, కొసన చేరుతుంది కాబట్టి బ్యాలెన్స్‌ని దాదాపు నాలుగు మిల్లీమీటర్లు ముందుకి తోస్తుంది. తల చుట్టూ రెండు వరసలు అంటిస్తే ఈవెన్ బ్యాట్ హెడ్ హెవీ అయిపోతుంది. పైభాగాన నేలకి తగిలే మేరకే, నాలుగైదు అంగుళాలు చాలు.

మధ్యాహ్నపు ఎండలో స్కూటర్ డిక్కీలో, తలుపులు మూసిన కారులో బ్యాట్ వదిలేస్తే గట్ సడలిపోతుంది. సడలిన గట్ షటిల్‌ని ఆలస్యంగా వదులుతుంది, దాంతో బ్యాట్ బద్ధకించినట్టు అనిపించి మళ్లీ బరువు మీదికే అనుమానం వెళుతుంది. గట్ తెగినప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు. ఇంటికెళ్లి చూద్దామనుకోకుండా కోర్టు దగ్గరే మిగతా గట్ అంతా మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి కత్తిరించేయాలి. ఒకవైపు లాగుడు పోయి ఒకవైపు ఉంటే ఫ్రేము వంకరపోతుంది. 26, 27 పౌండ్లు వేయించుకున్న తేలికైన ఫ్రేములకి ఈ ప్రమాదం ఎక్కువ. కోన్ మీద రాసిన గరిష్ఠ పౌండ్లు దాటి గట్టింగ్ చేయించకూడదు.

ఏం తప్పుతోందో చూసి

బ్యాట్ సరిపోలేదని తెలిపే గుర్తులు కోర్టులోనే కనిపిస్తాయి. కుడిచేతివాళ్లకి ఫోర్‌హ్యాండ్ డ్రైవ్‌లు, స్మాష్‌లు వరసగా కుడివైపు బయటికి పోతుంటే బ్యాట్ ఆలస్యంగా వస్తోంది, తల బరువు తగ్గించాలి. స్మాష్ ఆపేటప్పుడు షటిల్ హ్యాండిల్ వైపు, తల కిందిభాగంలో తగులుతుంటే అదీ ఆలస్యమే. మొదటి గేము బాగుండి మూడో గేములో నెట్‌కి తగులుతుంటే మొత్తం బరువు ఎక్కువైంది, 3యు నుంచి 4యుకి దిగాలి. డ్రాప్ షాట్లు ఊహించినదానికంటే ముందుకు పోతూ, టాస్‌లో చేయి ముందే వెళ్లిపోయి షటిల్ నెత్తిమీదికే లేస్తుంటే తల మరీ తేలికైంది. టాస్ వెనక గీతకి చేరకపోతే మాత్రం ముందు గట్ టెన్షన్ రెండు పౌండ్లు తగ్గించి చూడాలి. టెన్షన్ పెరిగేకొద్దీ గట్ మధ్యలో బాగా తగిలే చోటు చిన్నదైపోతుంది, కొద్దిగా పక్కకి తగిలినా షటిల్ చచ్చిపోతుంది.

ఉన్న బ్యాట్‌ని సరిచేసుకోవడం కొత్తది కొనడం కంటే చాలా చవక. తల బరువనిపిస్తే ఒక ఓవర్‌గ్రిప్ అదనంగా చుట్టి వారం ఆడాలి. తల తేలికనిపిస్తే పాత గ్రిప్ తీసేసి పలచని గ్రిప్ ఒక్కటే చుట్టాలి, అప్పటికీ చాలకపోతే తల కొసన ఒక గ్రాము టేపు. హ్యాండిల్ లావు కూడా దీంతోపాటే మారుతుందని గుర్తుంచుకోవాలి. వేళ్లు అరచేతిని తాకీ తాకనట్టు ఉండాలి. ఒకేసారి గ్రిప్, గట్, టేపు మూడూ మార్చేస్తే దేనివల్ల ఏమైందో తెలియదు, కాబట్టి ఒక్కొక్కటిగా.

కొనేముందు క్లబ్‌లో ఎవరిదైనా అడిగి ఆడి చూడటం అన్నిటికంటే నయం. అయితే ఆట మొదట్లో, చేయి తాజాగా ఉన్నప్పుడు ఏ బ్యాటైనా బాగానే ఉంటుంది. రెండు గేములు అయ్యాక అడగాలి. అవతలివాళ్లని పదిహేను స్మాష్‌లు కొట్టమని చెప్పి, వాటిని మీ బ్యాట్‌తో ఒక విడత, అడిగి తీసుకున్న బ్యాట్‌తో ఒక విడత ఆపాలి. ఎన్ని నెట్ దాటి లోపల పడ్డాయో లెక్కపెట్టాలి. ఆ తర్వాత వెనక గీత నుంచి పది టాస్‌లు వేసి, అవతలి వెనక గీతకి అడుగు లోపల ఎన్ని పడ్డాయో చూడాలి. డబుల్స్ ఆడేవాళ్లు మొదటి లెక్కను, సింగిల్స్ ఆడేవాళ్లు రెండోదాన్ని నమ్మి బ్యాట్ తీసుకోవచ్చు.